పొగ అలారానికి షవర్ క్యాప్

మా వారి ప్రాజెక్టు కోసం, రెండేళ్ళు ఉండి వెళ్ళిపోదామని ఇంగ్లాండులోని స్లౌ ఊరికి వచ్చిన కొత్తలో జరిగిందిది. ఫ్లాట్‌లో ఎండుమిరపకాయలతో పోపు పెట్టినప్పుడల్లా పొగ అలారం కెవ్వుమనేది. విసిగిపోయి మా వారు కుర్చీ ఎక్కి, పొగ తగలకుండా దానికి నా ప్లాస్టిక్ షవర్ క్యాప్ తొడిగేశారు.

"ఉండేది రెండేళ్ళేగా, ఎవరు చూస్తారు?" అన్నారు.

ఒక శనివారం మధ్యాహ్నం గారెల కోసం స్టవ్ మీద నూనె పెట్టాను. ఇంతలో కింద పార్సిల్ వచ్చిందని బెల్ మోగింది. నిమిషంలో వచ్చేద్దామని దిగాను. తిరిగొచ్చేసరికి ఫ్లాట్ తలుపు దానంతటదే లాక్ అయిపోయింది. తాళంచెవి, ఫోను లోపలే ఉన్నాయి. తలుపు సందులోంచి మాడు వాసన. లోపల ఐదేళ్ళ మా పాప నిద్రపోతోంది. మా వారు బెడ్‌రూమ్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆఫీసు కాల్‌లో ఉన్నారు. చేతులు నొప్పెట్టేలా తలుపు బాదాను. ఎవరూ రాలేదు.

చివరికి పాపే దగ్గుతూ లేచి, "డాడీ, స్మోక్!" అని ఆయన హెడ్‌ఫోన్స్ లాగేసిందట. ఆయన స్టవ్ ఆపి, తలుపు తీశారు. ఇల్లంతా నల్లటి పొగ. కళ్ళు నులుముకుంటూ ఆయన నన్నడిగిన మొదటి మాట, "అలారం మోగలేదేంటి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. పాపని మెట్ల మీద కూర్చోబెట్టి, కుర్చీ ఎక్కి, ఆ క్యాప్ పీకి ఆయన మొహాన కొట్టాను. అలారం బిల్డింగంతా దద్దరిల్లేలా మోగింది. ఆ మోతలోనే నోటికొచ్చినట్టు తిట్టాను.

ఆయన మీద కోపం సాయంత్రానికి చల్లారింది. కానీ ఆయన క్యాప్ తొడుగుతున్నప్పుడు కుర్చీ కదలకుండా పట్టుకుని నవ్వుతూ నిలబడింది నేనే. నా మీద నాకున్న కోపం మాత్రం ఇప్పటికీ చల్లారలేదు.