పెద్ద మేడమ్ గారి నాలుగింటి టీ

ఆ రోజుల్లో కానుక కావాలంటే కాళ్లరిగేలా తిరిగి వెతుక్కోవాల్సిందే. ఇప్పట్లా వేలితో నొక్కితే గుమ్మంలోకి వచ్చి పడేది కాదు. మొన్న మా చెల్లెలి కూతురు ఫోన్ చేసి, "పెద్దమ్మా, మా ఆఫీసులో ఒకావిడకి టీ, బిస్కెట్లూ ఉంటే చాలు, ఇంకేం అక్కర్లేదు. క్రిస్మస్‌కి ఆవిడకేం కొనమంటావు?" అని అడిగింది. దాని ఫోనులో అప్పటికే పదిహేను రకాల టీ డబ్బాలూ, రంగురంగుల కప్పులూ సిద్ధంగా ఉన్నాయట. నాకు నవ్వు ఆగలేదు. టీ ప్రియులకి క్రిస్మస్ కానుక ఇవ్వబోయి ఉద్యోగం పోగొట్టుకునేంత పని చేసిన మనిషిని నేను.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. నరసాపురంలో ఒక మిషన్ హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరి ఆర్నెల్లయింది, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద సంతకం పెట్టాల్సింది మా హెడ్మిస్ట్రెస్. స్కూలంతా ఆవిణ్ణి 'పెద్ద మేడమ్' అనేవారు. పెళ్లి చేసుకోలేదు. గంజి పెట్టిన నేత చీర, ముక్కు చివర కళ్లజోడు, చేతిలో ఎర్రసిరా పెన్ను. ఆవిడ వరండాలో నడిచొస్తుంటే చూరులో పిచ్చుకలు కూడా వరసలో నిలబడేవి (నా కళ్లకి అలాగే కనిపించేది మరి). ఆవిడకున్న సరదా ఒక్కటే, సాయంత్రం నాలుగింటి టీ. ఆయమ్మ కప్పు తెచ్చిపెట్టి వెళ్లగానే తలుపు దగ్గరగా వేసుకుని, రెండు బిస్కెట్లు ఒకదాని తర్వాత ఒకటి టీలో ముంచుకుని తినేవారు. ఆ పది నిమిషాలూ కొంపలంటుకున్నా ఎవరూ ఆ తలుపు తట్టకూడదు.

డిసెంబరు రాగానే మా స్టాఫ్ రూములో చీట్లు తీసేవాళ్లం. ఎవరి పేరు వస్తే వాళ్లకి మనం 'క్రిస్మస్ ఫ్రెండ్'. సెలవులిచ్చేదాకా వారానికొకటి చొప్పున వాళ్లకి రహస్యంగా కానుకలు పెట్టాలి. ఆఖరి రోజు సంబరాల్లో లేచి నిలబడి, "నేనేనండి" అని బయటపడాలి. నేను చీటీ విప్పాను. పెద్ద మేడమ్ పేరుంది. మడిచాను. మళ్లీ విప్పాను. అప్పుడూ అదే పేరుంది.

ఊళ్లో నేనుండేది మా పిన్నింట్లో. పిన్ని లేసు అల్లుతూనే ప్రపంచంలోని సమస్యలన్నీ తీర్చేసేది. "ఇంతోటిదానికి ఏడుపెందుకే? మైదా, పంచదార, డాల్డా పట్టుకెళ్లి బేకరీలో ఇచ్చెయ్. మన సరుకుతో మనకే చేసిపెడతారు. కొన్నదానికీ చేయించినదానికీ తేడా ఉండదూ?" అంది. క్రిస్మస్ కాబట్టి నక్షత్రాల ఆకారంలో చేయమని బేకరీ ఆయనకి బొమ్మ గీసి మరీ ఇచ్చాను. "అలాగేనండి, చుక్కల్లా మెరిసిపోతాయండి" అన్నాడాయన. పొయ్యిలోకి వెళ్లేటప్పుడు నక్షత్రాలేనట. డాల్డా నేను రెండింతలు ఇచ్చానో ఏమో, పాకి పాకి, బయటికొచ్చేసరికి అచ్చం పీతలయ్యాయి.

వాటిని స్కూలుకి తెచ్చుకోవడం ఇంకో సమస్య. నా చేతిలో పొట్లం చూస్తే గుట్టు బయటపడిపోతుంది. అందుకని రోజూ బేకరీ మీదుగా సైకిల్ మీద వచ్చే లెక్కల మాస్టారిని, "మా పిన్ని పొట్లమండి, కాస్త తెచ్చిపెడతారా?" అని అడిగాను. ఆయన భార్య పోయి చాలా ఏళ్లయింది. ఇంకో ఏడాదిన్నరలో రిటైరవుతారు. ఆయనకీ టీ అంటే పిచ్చే. నాలుగు కొట్టగానే స్కూలు ఎదురుగా ఉన్న టీ బడ్డీ దగ్గర ఎండలో నిలబడి, గ్లాసులో బిస్కెట్ ముంచుకునేవారు. పాపం హ్యాండిల్‌కి తగిలించుకుని పొట్లం తెచ్చారు. ప్రార్థన గంట కొట్టినప్పుడు నేను దాన్ని పెద్ద మేడమ్ టేబుల్ సొరుగులో పెట్టి, ఎడమ చేత్తో రాసిన చీటీ జతచేశాను: 'ప్రక్రుతి చల్లగా ఉంది, మీ టీ వేడిగా ఉండాలి. ఇట్లు, మీ క్రిస్మస్ ఫ్రెండ్.' నాలో ఇంత కవిత్వం ఉందని అప్పటిదాకా నాకే తెలియదు.

అయితే పొద్దున్న మాస్టారు గేట్లోకి రావడం, ఆయన హ్యాండిల్‌కి ఆ పొట్లం ఊగడం పెద్ద మేడమ్ తన కిటికీలోంచి చూశారు. ఈ సంగతి నాకు ఆయమ్మ చెప్పింది. ఆ సాయంత్రం నాలుగింటికి ఆయమ్మ స్టాఫ్ రూముకొచ్చి, "లెక్కల మాస్టారండీ, టైమ్ టేబుల్ గురించి మాట్లాడాలంట, పెద్ద మేడమ్ గారు రమ్మంటున్నారండి" అంది. ఆమె చేతిలో పళ్లెం, అందులో రెండు కప్పులు. పైగా ఆ గది తలుపు బార్లా తెరిచి ఉంది! హాజరు పుస్తకం అడ్డం పెట్టుకుని నేను అటువైపు నాలుగుసార్లు తిరిగాను. "ఈ పీతలు భలే కుదిరాయి కదండీ మాస్టారూ?" అంటున్నారు పెద్ద మేడమ్. "చాలా బాగున్నాయండీ. కాళ్లు కూడా కరకరలాడుతున్నాయి" అంటున్నారాయన.

మర్నాడూ టైమ్ టేబులే. ఆ మర్నాడూ టైమ్ టేబులే. (మా స్కూలు టైమ్ టేబుల్ జూన్‌లో రాసి గోడకి అంటిస్తే ఏప్రిల్ దాకా ఎవరూ ముట్టుకునేవారు కాదు.) రెండో వారం పిన్ని చేత టీ కప్పు మీద మూత వేయడానికి లేసు అల్లించి, అంచుకి పూసలు కుట్టించి పెట్టాను. పెద్ద మేడమ్ దాన్ని తీసి మాస్టారి కప్పు మీదే కప్పారు. మూడో వారానికి మాస్టారు ఇస్త్రీ చొక్కాలు తొడగడం మొదలుపెట్టారు. పెద్ద మేడమ్ గదిలోంచి సెంటు వాసన వస్తోందని స్టాఫ్ రూములో గుసగుసలు. నేను మాత్రం రాత్రీ పగలూ ఒకటే లెక్క వేసుకున్నాను: ఈవిడ ఆ కానుకలన్నీ మాస్టారు ఇచ్చారనుకుంటున్నారు. సంబరాల రోజు నేను లేచి నిలబడితే ఆరువందల మంది పిల్లల ముందు ఆవిడ ముఖం చిన్నబోతుంది. ఆ తర్వాత నా ప్రొబేషన్ కాగితం గోదాట్లో కలుస్తుంది.

సంబరాల ముందురోజు సైకిల్ స్టాండు దగ్గర మాస్టారిని పట్టుకుని అంతా చెప్పేశాను. "అంటే… ఆవిడ నాకు పెడుతున్న బిస్కెట్లు మీవా, టీచరమ్మా? ఆవిడే నా క్రిస్మస్ ఫ్రెండేమో అనుకున్నానండి నేను" అన్నారు. ఆయన పేరు డ్రిల్లు మాస్టారికి వచ్చిందట. ఆ మహానుభావుడు ఒక్క కానుకా పెట్టలేదు. నేను ఏడుపు ముఖం పెట్టేసరికి ఆయనే, "పోనీలెండి. రేపు మీరు కూర్చోండి, నేను లేస్తాను. ఆవిణ్ణి మాత్రం నలుగుర్లో చిన్నబుచ్చకూడదండి" అన్నారు.

మర్నాడు హాల్లో డ్రిల్లు మాస్టారు మైకు పట్టుకుని, "పెద్ద మేడమ్ గారి క్రిస్మస్ ఫ్రెండ్ ఎవరో లేచి నిలబడాలి!" అని అరిచారు. లెక్కల మాస్టారు గొంతు సవరించుకుని, "నేనేనండి" అంటూ లేచారు. చప్పట్లు మోగిపోయాయి. అక్కడితో ఆగితే ఏ గొడవా లేదు. "అయితే ఆ లేసు కూడా మీరే అల్లారా మాస్టారూ?" అని అడిగింది కుట్టు టీచర్. "అవునండి" అన్నారాయన. పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడని మనిషి ఆడితే ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. చెవుల దాకా ఎర్రబడ్డారు. కుట్టు టీచర్ సంచీలోంచి దారపుండా, లేసు సూదీ తీసి, "ఒక్క గొలుసు అల్లి చూపించండి, పిల్లలు నేర్చుకుంటారు" అంది. మాస్టారు ఆ సూదిని వృత్తలేఖినిలా పట్టుకుని, దారం చుట్టూ ఒక గుండ్రం గీయబోయారు. ఉండ జారి మూడో వరస బెంచీల కిందికి దొర్లింది. పిల్లలు పడీ పడీ నవ్వుతున్నారు. ఆయన వంగి ఆ ఉండ కోసం వెతుకుతుంటే నేనిక ఉండలేకపోయాను. "నేనేనండీ! మాస్టారు కాదు, నేను!" అని లేచిపోయాను.

పెద్ద మేడమ్ కళ్లజోడు సర్దుకుని, "తెలుసులేవమ్మా. ఎడమ చేత్తో రాసినా, కుడి చేత్తో రాసినా 'ప్రకృతి'కి వట్రసుడి పెట్టవు నువ్వు. సైన్సు టీచరువి! జూన్ నుంచి నీ పాఠం నోట్సులో వారం వారం దిద్దుతున్నాను" అన్నారు. ఈసారి పిల్లలతో పాటు స్టాఫంతా నవ్వారు. నేను భూమిలోకి కూరుకుపోయాను.

అయ్యాక తన గదికి పిలిపించారు. టేబుల్ మీద ప్రొబేషన్ కాగితం ఉంది. సంతకం అప్పటికే పెట్టేశారు. నేను ధైర్యం చేసి అడిగాను. "మేడమ్ గారూ, మొదటి రోజే తెలిసిపోతే మరి మాస్టారిని రోజూ…?" ఆవిడ కిటికీ వైపు తిరిగారు. అవతల రోడ్డు మీద టీ బడ్డీ కనిపిస్తోంది. "పదేళ్లుగా ఆయన అక్కడ ఎండలో నిలబడి టీ తాగుతుంటే చూస్తున్నానమ్మా. లోపలికి రండి అనడానికి ఏదో ఒకటి కావాలి కదా. ఆ పొట్లం ఆయన సైకిల్‌కే తగిలించావు నువ్వు" అన్నారు. ఎర్రసిరా పెన్ను మూత తీసి, ఎందుకో మళ్లీ పెట్టేశారు. ఆ చెంపల మీద సిగ్గు చూసి, "థాంక్స్ అండి" అని బయటికి పరిగెత్తాను.

మాస్టారు రిటైరయ్యాక ఆ వేసవిలోనే ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. చర్చిలో పాతికమంది, అంతే. పాస్టరు గారు ప్రమాణం చేయిస్తుంటే మాస్టారి గొంతు వణికింది, ఆవిడది వణకలేదు. నేను మాత్రం ముందు బెంచీలో కూర్చుని, లోకంలో ఇలాంటి వింత ఇంకెక్కడా జరిగి ఉండదన్నట్టు నోరు తెరుచుకుని చూశాను. ముసలివాళ్లకి కూడా ఇలాంటివి ఉంటాయా అని మా పిన్ని చెవిలో అడిగాను కూడా. పిన్ని నా తొడ మీద గట్టిగా గిల్లింది. అప్పుడు పెద్ద మేడమ్ వయసెంతో ఈమధ్యే లెక్క కట్టాను. యాభై రెండు. కిందటి నెలలో నాకూ అవే నిండాయి.