అడుగు వరుసలో ఒక్క గీత

డెబ్బైల మొదట్లో నాకు తెనాలిలో గణాంకాల ఉద్యోగం వచ్చింది. కోతల కాలంలో రేపల్లె వైపు ఊళ్లకు వెళ్లి, ఎంపికైన చేలల్లో చిన్న చదరం కొలిచి, అందులోని వరి కోయించి, నూర్పించి, తూచాలి. ఆ తూకాలన్నీ కలిపితే తాలూకా సగటు దిగుబడి తేలుతుంది. ఏ చేను, చేలో ఏ చోటు అన్నది మా ఇష్టం కాదు. అంకెల పట్టిక ఒకటి ఉంటుంది. అది చెప్పినన్ని అడుగులు పొడుగునా, అడ్డంగా నడిచి, ఆగిన చోట మేకు కొట్టాలి.

నగరం అనే ఊరి పక్కన ఒక పల్లెలో అలా నడిచి చౌడులో ఆగాను. చేనంతా నడుమెత్తు ఏపుగా ఉంది. నా కాళ్ల దగ్గర మాత్రం మోకాలెత్తు దుబ్బులు, అవీ పలచగా.

"అక్కడ కాదు బాబూ, ఇటు రండి" అన్నాడు రైతు. యాభై దాటిన మనిషి. మేం వస్తున్నామని ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు.

"ఇక్కడే పడిందండి."

"ఏంటి పడింది?"

"నెంబరు."

ఆయన నేల వంక చూశాడు. ఏమీ కనబడలేదు.

"ఇంత చేను పెట్టుకుని ఈ మూల కోస్తారేంటండి? పెళ్లిచూపులకొచ్చి గొడ్లసావిడి చూసి పోయినట్టుంది."

కోయించాను. రెండు కిలోలు తూగింది. మామూలుగా ఎనిమిది దాకా రావాలి. ఆయన మళ్లీ తూచమన్నాడు. మళ్లీ రెండే. భోజనం మాత్రం బాగా పెట్టారు.

కొన్ని వారాల తర్వాత ఆయన మా ఆఫీసుకు వచ్చాడు. నేనప్పుడు తూకాలను వరుసల్లో సర్దుతున్నాను. ఎక్కువ పండినవి పైన, తక్కువవి కింద, ఒక్కో చేనికి ఒక గీత. ఏడెనిమిది కిలోల దగ్గర గీతలు గుంపులు కట్టాయి. అడుగు వరుసలో ఒక్కటే ఉంది.

"మా పేరెక్కడండి?"

"పేర్లుండవు బాబాయిగారూ. గీతలే."

ఆయన కాసేపు చూసి అడుగు వరుస మీద వేలు పెట్టాడు. "ఇదేనా నేను?"

ఆయన కుర్చీ దగ్గరకు లాక్కుని గొంతు తగ్గించాడు.

"నా మూలాన తాలూకా పడిపోయిందంటారండి రేపు. తాతల నాటి వ్యవసాయం మాది. ఆ ఒక్కటీ తీసెయ్యండి."

"తీయకూడదండి."

"పోనీ, తీస్తే ఎంత పెరుగుద్దో చెప్పండి."

చెప్పడంలో తప్పు లేదనిపించింది. చేత్తో తిప్పే లెక్కల యంత్రం ముందుకు లాగి, ఎనభై చేల మొత్తంలోంచి రెండు కిలోలు తీసి, డెబ్బై తొమ్మిదితో భాగించాను. యంత్రం గరగరలాడి ఆగింది.

"వంద గ్రాములు కూడా పెరగదండి."

"అంటే ఎంత?"

గుప్పిలి పట్టి చూపించాను. ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. అంతలోనే ముఖం మారింది.

"అయితే నేనున్నా లేకపోయినా ఒకటేనంటారు."

"అలా కాదండి, అందరూ ఉంటేనే..."

"అర్థమైందిలెండి" అని లేచాడు. టీ తెప్పిస్తానన్నా ఆగలేదు.

ఆ వేసవిలో ఆయన ఆ మూలకు బళ్లతో చెరువు మట్టి తోలించాడు. మురుగు పోయేందుకు బోదె తవ్వించాడు. రెండేళ్లలో అక్కడి వరి మిగతా చేనుతో కలిసిపోయింది. అటు వెళ్లినప్పుడల్లా నన్ను గట్టు మీదికి తీసుకెళ్లేవాడు.

"ఇప్పుడు కొయ్యండి."

"నెంబరు పడాలండి."

"ఎవరు వేస్తారండి నెంబరు?"

"ఎవరూ వెయ్యరండి."

నేను ఏదో దాస్తున్నానని ఆయన అనుమానం. ఆ చేనికి మళ్లీ నెంబరు పడకుండానే నాకు బాపట్ల బదిలీ అయింది.

"కొత్తగా వచ్చే ఆయనకి చెప్పి వెళ్లండి, ఆ మూల బాగుందని" అన్నాడు.

చెప్పాను. కొత్తతను శ్రద్ధగా విని, అలా ముందే చెప్పకూడదు కదండీ అన్నాడు. నిజమే, చెప్పకూడదు.