పోయిరా అనని పొద్దు

“థాంక్యూ సార్. మళ్ళీ తప్పకుండా రావాలి.”

“రాకుండా యాడికి పోతానే? తాళంచెవి నా జోబులోనే ఉండాది గదా.”

మొదటిది నేనన్నది. రెండోది నా మొగుడన్నది. మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. ఆ మాట అని నవ్వుకుంటూ ఆటో తీసుకుని అలిపిరి వైపు వెళ్ళాడు. మధ్యాహ్నం స్టాండులో ఎవరితోనో మాట్లాడుతూ మాట్లాడుతూ ఛాతీ పట్టుకుని కూర్చున్నాడట. మళ్ళీ లేవలేదు.

నువ్వు నా తమ్ముడి కూతురివి, డిగ్రీ చదువుతున్నదానివి. నేను చెప్పేదంతా పుస్తకాల తెలుగులోకి దిద్ది రాస్తావని తెలుసు. దిద్దుకో. మేం మాట్లాడుకున్న మాటలు మాత్రం ఒక్క అక్షరం మార్చొద్దు.

మొగుడు పనికి బయలుదేరుతుంటే పెళ్ళాం ‘థాంక్యూ సార్’ అనడమేంటని చదివేవాళ్ళు అనుకుంటారు. అది చెప్పాలి ముందు.

తిరుచానూరులో లాడ్జీ పని నాది. దుప్పట్లు మార్చడం, బాత్రూములు కడగడం. యాసిడ్ వాసనకు గొంతు ఇలా అయిందో, పుట్టుకతోనే ఇంతో తెలియదు కానీ నేను మాట్లాడితే ఇసుక లారీ దిగబోసినట్టు ఉంటుందని ఆయన ఎగతాళి చేసేవాడు. మోకాళ్ళు మెట్లెక్కనని మొరాయిస్తున్న రోజుల్లో కౌంటర్లో ఉండే పిల్లకు పెళ్ళి కుదిరింది. మేనేజరు మా అందర్నీ పిలిచి, ఎవరు మాట్లాడటం, రాయడం నేర్చుకుంటే వాళ్ళకే కౌంటరు అన్నాడు. నాది నగరి, అరవం వచ్చు. వచ్చే యాత్రికుల్లో సగం మంది అరవంవాళ్ళే. నాకు ఆశ పుట్టింది. కుర్చీలో కూర్చుని చేసే పని నా బతుకులో ఎప్పుడూ లేదు.

నేర్పడానికి తిరుపతి నుంచి ఒక మేడం వచ్చేది. చిన్న పిల్ల, ఓపిక ఎక్కువ. ‘లేదు’ అనకూడదు, ‘చూసి చెప్తాను సార్’ అనాలి. ‘తెలియదు’, ‘చెప్పలేను’ అనకూడదు. ‘నువ్వు’ అసలే కూడదు. డ్యూటీ దిగేముందు తర్వాత వచ్చేవాళ్ళ కోసం పుస్తకంలో నాలుగు ముక్కలు రాసిపెట్టాలి. నేను చదివింది మూడో తరగతి దాకా. కూడబలుక్కుని రాశాను: ‘పై రూములో నీళ్ళు కాగల్యా’.

“కాగల్యా ఏంటమ్మా? గీజర్ పనిచేయడం లేదు అని రాయాలి.”

“గీజరుకు లైటు ఎలగతానే ఉండాది మేడం.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మేడం నా చెయ్యి పట్టుకుని గీజర్ అని రాయించింది. ఒత్తు లేని మాట కాబట్టి వచ్చింది.

తర్వాత అతిథిని సాగనంపడం. నా వంతు రాగానే చేతులు జోడించి “పోయిరాండి సార్” అన్నాను. మేడం రెండు చేతులూ అడ్డం పెట్టింది.

“అయ్యో, గెస్టుని పో అంటామా?”

“పో అనలా మేడం. పోయి రమ్మన్నా.”

“వినేవాళ్ళకు ముందు పో అనేదే వినిపిస్తుందమ్మా.”

మా ఇళ్ళల్లో బయటికి వెళ్ళేవాళ్ళు వట్టి ‘పోతా’ అని నోట రానివ్వరు. ‘పోయొస్తా’ అంటారు. గడపలో నిలబడ్డవాళ్ళు ‘పోయిరా’ అంటారు. నా తల్లి నాకు అన్నది, నేను నా మొగుడికి రోజూ అన్నది ఆ మాటే. మేడం దాన్ని నా నోట్లోంచి తీసేసి, దాని చోట ‘థాంక్యూ సార్, మళ్ళీ తప్పకుండా రావాలి’ పెట్టింది. ఆమె తప్పు లేదు. ఆమె పని అది.

ఆ వాక్యానికి నా నోరు తిరగలేదు. ‘తప్పకుండా’ దగ్గర నాలుక మడతపడేది. ఇంట్లో ఆయన అతిథి వేషం కట్టేవాడు. సంచీ భుజాన వేసుకుని వంటింట్లోంచి బయటికొచ్చి, “రూము బాగుండాది గానీ, దోమలకు వేరే బిల్లేస్తారా ఏమి?” అనేవాడు. నాకు నవ్వాగేది కాదు. “నవ్వితే ఉద్యోగం పాయె. చెప్పు మే, మళ్ళీ చెప్పు” అని గదమాయించేవాడు.

ఆ పొద్దు ఆట కాదు. ఆయన నిజంగానే ఖాకీ చొక్కా వేసుకుని, ఇంటి తాళంచెవి జేబులో వేసుకుని, “పోయొస్తా మే” అన్నాడు. నేను పొయ్యి దగ్గర ఆ వాక్యమే గొణుక్కుంటున్నాను. అదే వచ్చేసింది. ఎక్కడా తడబడకుండా మొదటిసారి సరిగ్గా వచ్చింది. యాత్రికులు లాడ్జీ తాళాలు జేబులో వేసుకుపోయి మళ్ళీ వెనక్కి వస్తుంటారని నేను చెప్పిన కథలు గుర్తుపెట్టుకుని ఆయన ఆ జవాబిచ్చాడు.

ఆసుపత్రివాళ్ళు ఒక కవర్లో ఆయన ఫోను, ఆ తాళంచెవి ఇచ్చారు.

నేను పోయిరా అననందుకు ఆయన పోలేదు. గుండె అని డాక్టరు చెప్పాడు. నాకూ తెలుసు. తెలిసి ఏం చేసుకోను?

కర్మంతరాలయ్యాక లాడ్జీకి వెళ్తే, దర్శనానికి వచ్చేవాళ్ళకు బోడి నొసటితో ఎదురుపడొద్దంటారేమో అనుకున్నాను. మేనేజరు, “బొట్టు సంగతి నాకొద్దమ్మా, మాట బాగుంటే చాలు” అని కౌంటర్లో కూర్చోబెట్టాడు. వచ్చేవాళ్ళతో బాగానే మాట్లాడేదాన్ని. పుస్తకంలో నా వంకర అక్షరాలతో గీజరు అని, కుళాయి అని రాసేదాన్ని. ఖాళీ చేసేవాళ్ళు తాళంచెవి కౌంటరు మీద పెట్టగానే, ఆ చప్పుడుకే ఆ వాక్యం నోటికి రాకుండా పోయేది. ఏదో తల ఊపి పంపేసేదాన్ని.

ఒకరోజు ఒక పెద్దాయన కుటుంబంతో మెట్లు దిగొచ్చి తాళంచెవి పెట్టి, “వెళ్తామమ్మా” అన్నాడు. మేనేజరు పక్కనే ఉన్నాడు, చెప్పక తప్పదు. నోరు తెరిస్తే వచ్చింది ఇదీ:

“పోయిరాండి నాయనా.”

“ఏంటమ్మా, డబ్బులు కట్టేశాక పొమ్మంటున్నావా?”

ఆయన కోడలు కిసుక్కుమంది. నాకు ఏడుపు ఆగలేదు. వాళ్ళు బిత్తరపోయి సామాన్లు మోసుకుని వెళ్ళిపోయారు. అందరూ వెళ్ళాక మేనేజరు మెల్లగానే అన్నాడు.

“ఒక్క ముక్కమ్మా. ఆ ఒక్క ముక్క చెప్పలేకుంటే నేనేం చేసేది?”

“చెప్పలేను సార్.”

అనకూడదని నేర్పిన మాటే అన్నాను. ఎందుకు చెప్పలేనో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మరుసటి రోజు నుంచి మళ్ళీ దుప్పట్లు, మళ్ళీ మెట్లు.

ఇప్పుడు కౌంటర్లో కొత్త పిల్ల ఉంది. ఎంత తీయటి గొంతో. పొద్దస్తమానం అదే వాక్యం, మెట్ల మీదుగా పైకి వినిపిస్తూనే ఉంటుంది. ఆ పిల్ల అన్నప్పుడల్లా నేనన్నది కొంచెం అరిగిపోతోంది. అది అరిగితే అరగనీ. మొన్న బాత్రూము కడుగుతూ ఆయన జవాబు తలుచుకుంటే, ‘జోబు’ అన్నాడా ‘జేబు’ అన్నాడా అని అనుమానం వచ్చింది. చీపురు వదిలేసి అక్కడే కూర్చుండిపోయాను. ఆయనవి నా దగ్గర మిగిలినవి ఆ నాలుగు మాటలు. అవీ పోతే ఇంక నేను ఎవరితో బతికానో నాకే తెలియకుండా పోతుంది. అందుకే నిన్ను రాయమన్నది.

చాలు, ఇంకేం లేదు. పెన్ను మూసి మొదటి నుంచి చదివి వినిపించు. నా మాట గబగబా దాటెయ్. ఆయన మాట దగ్గర మాత్రం మెల్లిగా. జోబు అనే రాశావు కదా? ఏదీ, చదువు.