పోయినవాళ్ల కోసం ఏడ్చే ఆంటీ

ఆవిడంత మెత్తని మనిషిని నేను కెనడాలో, మా విన్నిపెగ్‌లో చూడలేదు. మేం అద్దెకున్న బేస్‌మెంట్ ఓనర్, పోలండ్ ఆవిడ. ఆంటీ అనేవాళ్లం. ఏటా డిసెంబర్ చివర్లో వాళ్ల దేశపు టీవీలో ఆ ఏడాది విశేషాలు, పోయిన ప్రముఖుల ఫొటోలు వేస్తారు. కింద ఉండే మా స్టూడెంట్లందరినీ పైకి పిలిచి కేకు పెట్టేది. తెరమీద ఒక్కో ముఖాన్నీ వేలితో నిమిరి, "ఎంత మంచివాడో" అంటూ కళ్లు తుడుచుకునేది.

ఒక ఏడాది తొలిమంచు పడ్డ వారంలోనే మా రూమ్మేట్ ఫుడ్ డెలివరీకి వెళ్లి యాక్సిడెంట్‌లో పోయాడు. అంతకుముందు ఏడాది చలికాలమంతా ఆవిడ వాకిట్లో మంచు ఎత్తిపోసింది వాడే.

డిసెంబర్‌లో మళ్లీ పిలిచింది. ఎవరో ముసలి గాయకుడి కోసం వెక్కి వెక్కి ఏడ్చింది. అంతా అయ్యాక నా చెయ్యి పట్టుకుంది. మావాడి గురించే అనుకున్నాను.

"కింద బెడ్ ఖాళీగా ఉంది కదా, మీవాళ్లెవరైనా ఉంటే చెప్పు. మంచివాడైతే చాలు" అంది.