బాయి దగ్గు

బొగ్గుబాయిలో పనిచేసినవాళ్ళ ఇళ్ళల్లో దగ్గును ఎవరూ పట్టించుకోరు. బెల్లంపల్లిలో మా క్వార్టర్ల వరసలో తెల్లారితే కోళ్ళకన్నా ముందు దగ్గులే లేచేవి. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేదాన్ని. బాపు షిఫ్టు దిగి రాగానే అవ్వ ఆయన చేతిలో బెల్లం ముక్క పెట్టేది. గొంతులో చేరిన బొగ్గుదుమ్మును బెల్లం కడిగేస్తుందని మా వాడంతా నమ్మేది. నేనూ నమ్మాను. బడికి పోయే ముందు లేని దగ్గు దగ్గి నా ముక్క సంపాదించుకునేదాన్ని.

అందుకే, ఏళ్ళ తర్వాత కరీంనగర్ ఆసుపత్రిలో పక్షవాతంతో పడుకున్న బాపు దగ్గడం మొదలుపెడితే మాకు భయం వేయలేదు. పైగా ఇల్లు గుర్తొచ్చింది. కుడిపక్క పడిపోయి, మాట పోయి, ముక్కులో గొట్టంతో ఉన్నా బాపు అప్పటికి కోలుకుంటున్నాడు. కుడిచేతి బొటనవేలు కదిలింది. నన్ను చూసి "బి... బి..." అన్నాడు. 'బిడ్డా' అనబోతున్నాడని వార్డులో కనబడిన వాళ్ళందరికీ చెప్పాను.

సిస్టర్ వచ్చినప్పుడల్లా ఒకటే మాట. "నోట్లె సుక్క నీళ్లు గూడ పొయ్యకుండ్రి. అంతా గొట్టంల నుంచే."

అవ్వ బుద్ధిగా తల ఊపేది. కానీ ఆమె లెక్కలో నీళ్ళు నీళ్ళే, బెల్లంనీళ్ళు మందు.

బాపు 'బి' అన్న మర్నాడు నేను కిందికి పోయి మందులు తెచ్చేసరికి బాపు గొంతు గురగురమంటోంది. ఒళ్ళు కాలిపోతోంది. బొటనవేలు పట్టుకుని పిలిచాను. కదల్లేదు. డాక్టరు ఛాతీ విని నన్ను బయటికి పిలిచాడు.

"ఊపిరితిత్తులల్ల నిమ్ము చేరిందమ్మా. గొంతు పనిచేస్తలేదు కదా, నోట్లె ఏమో పోసిండ్రు. అది కడుపులకు పోలే, ఊపిరితిత్తులల్లకు పోయింది. ఇగ చెయ్యి సంగతి, మాట సంగతి తర్వాత. ముందు మనిషి దక్కాలె."

లోపలికి వచ్చి చూస్తే బాపు పెదవి మూలన బెల్లం జిగట. మంచం కింద గ్లాసు, చెంచా. కోపం నెత్తికెక్కింది. అరవబోయాను. అవ్వ కళ్ళు మూసుకుని, బాపు పాదాలు పట్టుకుని ప్రార్థన చేస్తోంది. ఇప్పుడు చెబితే ఇద్దరినీ నేనే మోయాలి అనుకుని గ్లాసు తీసుకుపోయి కడిగేశాను.

బాపు దక్కాడు. జ్వరం దిగింది కానీ బొటనవేలు మళ్ళీ కదల్లేదు, ఆ "బి" కూడా రాలేదు. గొట్టంతోనే ఇంటికి తెచ్చాం.

చూడ్డానికి వచ్చిన ప్రతి మనిషికీ అవ్వ చెప్పేది. "నేను బెల్లంనీళ్లు తాపినంకనే నిమ్ము దిగింది. గా డాక్టర్లకేమెర్క?" ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒకటే భయం. దగ్గు మళ్ళీ వస్తుంది. ఇంట్లో వద్దనడానికి సిస్టర్ లేదు.

ఒక ఆదివారం, మేము చర్చి నుంచి వచ్చాక, వచ్చింది. బాపు దగ్గాడు. వెంటనే వంటింట్లో బెల్లం చితక్కొడుతున్న చప్పుడు. పరుగెత్తి అవ్వ చెయ్యి పట్టుకున్నాను.

"వద్దే అవ్వా. గా దినం బాపుకు జరం తెచ్చింది గీ బెల్లంనీళ్లే. డాక్టరు చెప్పిండు."

అవ్వ నా మొహంలోకి చూసింది. అబద్ధమేమోనని చాలాసేపు వెతికింది. అవతలి గదిలో బాపు మళ్ళీ దగ్గాడు.

"చెంచ సూపెట్టంగనే నోరు తెరిసిండే బిడ్డా," అంది. "నేను పోస్తున్ననని తెరిసిండు."