మంచం కింద ఇనుము

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను చదివితే మా ఇంట్లో ఉన్న కొడవలి పోయిందండీ! దాంతోపాటు నా ప్రాణమూ పోవాల్సిందే, కొద్దిలో తప్పింది.

రాజోలు దగ్గర మా ఊరికి అక్క పురిటికొచ్చి కొడుకుని కంది. బాలింత మంచం కింద ఇనుము లేకపోతే పసిగుడ్డుకి గాలి సోకుతుందని మా మామ్మ నమ్మకం. తాతలనాటి కొడవలి తెచ్చి పెట్టింది. దానికెంత తుప్పంటే, దెయ్యమైనా ధనుర్వాతం వస్తుందని పారిపోవాలి.

నేనప్పుడు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. కందకి లేని దురద కత్తిపీటకెందుకు? అయినా పుట్టింది. యాసిడ్‌లో గోరింటాకు కషాయం కలిపితే అది ఇనుముకి పొరలా అంటుకుంటుంది. యాసిడ్ తుప్పుని తింటుంది, ఇనుము జోలికి అంతగా పోదు. కషాయం కాచి పొయ్యి మీదుంచేను. అది చల్లారేలోగా కాస్త నానుతుందిలే అని, అందరూ కునుకు తీస్తుంటే కొడవలి లాక్కొచ్చి పెరట్లో బాత్రూం యాసిడ్ పోసిన తొట్టెలో ముంచేను. తర్వాత నేనూ ఒరిగేను.

మెలకువొచ్చేసరికి మబ్బు కమ్మి ఇల్లంతా చీకటి. కరెంటు లేదు. కొబ్బరాకు కదలట్లేదు. పెరట్లోంచి "బుస్స్..." మని ఒకటే చప్పుడు. హైడ్రోజన్ అని నా చదువు చెబుతోంది, నా నోరు మాత్రం ఆంజనేయ దండకం చదువుతోంది. పిల్లాడు గది మూలకి చూసి నవ్వుతున్నాడు. అక్కడెవరూ లేరు.

కషాయం కోసం వంటింట్లోకి పరిగెత్తేను. గిన్నె ఖాళీ! గుమ్మంలో జుట్టు విరబోసుకున్న ఆకారం. నుదుటి మీంచి ఎర్రటి ధారలు.

"అమ్మో! ఎవరు నువ్వు?"

"మీ మామ్మనే. కషాయం బాగా దిగిందే, తలకి పట్టించేను. ఆ బుస ఏంటే?"

"యాసిడ్, మామ్మా. అందులో మన కొడవలి..."

మామ్మ కూలబడిపోయింది. "పసివాణ్ణి కాపలా లేకుండా వదిలేసేవా?" అంది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

తీరా తీసి చూస్తే పిడి, దానికో ఈనెపుల్లంత ఇనుము మిగిలేయి.

"ఇప్పుడెలా మామ్మా?"

"ఎలా ఏంటి? ఇనుమునే కరిగించేవు, నీకన్నా గట్టిది ఎక్కడ దొరుకుద్ది? మంచం కిందకి దూరు."

"నేనా?"

"ఆయ్, నువ్వే. రేపు కొత్త కొడవలి వచ్చేదాకా కదలకు."

దూరేను. అమ్మ తొట్టె శుభ్రంగా కడిగి బోర్లించేసింది. పైనుంచి అక్క, "అదిగో, మళ్ళీ ఆ మూలకే చూసి నవ్వుతున్నాడే" అంది. అప్పుడు సరిగ్గా నా చెవి పక్కన "బుస్స్..." మంది.

అదేంటో నేటికీ తెలీదు. అందుకే మీ అందరి సాక్షిగా నా శపథం: ఇకమీదట గోరింటాకు నా అరచేతికే, ఇనుము మంచం కిందే, నేను మాత్రం మంచం మీదే!