కర్ఫ్యూలో ఎదురుకోలు

అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరుగా సాగుతున్న రోజుల్లో మా గల్లీ మొగదల ఇసుక బస్తాలు పేర్చుకుని ఒక దళం దిగింది. నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్ వైపు వచ్చే దారిలో ఉండేది మా గల్లీ. వాళ్ళు సైనికులో, కేంద్రం పంపిన పోలీసులో మాకు తెలియదు. తుపాకీ పట్టుకుని హిందీ మాట్లాడేవాళ్ళందరినీ మేము మిలటరీ అనేవాళ్ళం. వాళ్ళ పెద్ద హిమాలయాల దగ్గర ఏదో కొండ ఊరివాడు. అందరం ఆయన్ని సుబేదార్ సాబ్ అనేవాళ్ళం.

గల్లీకి ఒక పక్క తరాలుగా హైదరాబాదులో ఉన్న మా కుటుంబాలు. ఎదుటి పక్క యాభై ఆరు తరువాత కోస్తా జిల్లాల నుంచి ఉద్యోగాల మీద వచ్చి కిరాయికి దిగిన కుటుంబాలు. గల్లీ చివర మా భజన మందిరం. నేను పగలు బడిలో పాఠం, సాయంత్రం మందిరంలో రామాయణం చెప్పేవాణ్ణి. రెండోదాన్నే నా అసలు ఉద్యోగం అనుకునేవాణ్ణి, ఇప్పటికీ అదే అనుకుంటాను.

మందిరంలో జానెడు ఎత్తు ఇత్తడి సీతారాములు ఉండేవారు. ఉగాది నాడు వాళ్ళను విడదీయడం మా ఆచారం. పెళ్ళికి ముందు పిల్లా పిల్లవాడూ ఒకే కప్పు కింద ఉండకూడదు కదా. సీతమ్మ ఆడపెళ్ళివారింటికి, అంటే మా మేనమామ ఇంటికి వచ్చేది. రాముడు మగపెళ్ళివారింటికి, అంటే సర్కారు ఆఫీసులో పనిచేసే ఎదుటింటి సూపరింటెండెంటు గారింటికి వెళ్ళేవాడు. నవమి మధ్యాహ్నం రెండు పక్షాలవాళ్ళూ గల్లీ నడుమ ఎదురై, మా పిల్ల గొప్పంటే మా పిల్లవాడు గొప్పని కాసేపు మాటలు విసురుకుని, పానకం తాగి, కలిసి మందిరంలోకి వెళ్ళేవాళ్ళు. ఈ ఎదురుకోలు వరసనే పట్టుకుని మామ, సూపరింటెండెంటు గారు ఏడాది పొడుగునా ఒకరినొకరు బావా, బావగారూ అని పిలుచుకునేవారు.

ఆ ఏడు కూడా ఉగాది నాడు రాముణ్ణి అప్పగించాం. తరువాత కొద్ది రోజులకే ఎవరో విసిరిన రాయి సూపరింటెండెంటు గారి కిటికీ అద్దం పగలగొట్టింది. వెంటనే కర్ఫ్యూ. బావా అన్న పిలుపు ఆగిపోయింది. ఇటు 'గాయన', అటు 'ఆయన' మిగిలారు.

అప్పుడే తెలిసింది, నవమి నాడు కర్ఫ్యూ సడలించగానే సూపరింటెండెంటు గారు కుటుంబంతో బెజవాడ రైలెక్కుతున్నారని. తాళం వేసిన ఇంట్లో దేవుణ్ణి వదలనని, రాళ్ళు వేసినవాళ్ళ చేతికి ఇవ్వనని వాళ్ళ ఆవిడ అన్నదట. రాముడు కూడా ట్రంకు పెట్టెలో బెజవాడ వెళ్తున్నాడు.

మామ అన్నం ముట్టలేదు. ఆయనకు ఆడపిల్లలు లేరు. సీతమ్మకు పసుపు రాసేటప్పుడు కళ్ళలోకి పోకుండా అరచెయ్యి అడ్డం పెట్టే మనిషి.

"మా బిడ్డ పెండ్లి దినం అల్లుడు రైలెక్కి పోతడా? ఇగ మా బిడ్డ గతేంది?"

"ఊరుకో మామా, ఏదో ఒకటి చేద్దాం."

"చెయ్యి మరి. రోజూ అంగదుని కథ జెప్తవు గద, రాయబారం నువ్వే పో."

నేను సుబేదార్ దగ్గరికి వెళ్ళాను. పొద్దున లాఠీలు నేలకు కొడుతూ గల్లీలో కవాతు, సాయంత్రం రెండు పక్షాల పెద్దల్నీ బస్తాల పక్కన కూర్చోబెట్టి చాయ్. ఇదీ ఆయన పద్ధతి. కర్ర చూపిస్తే తలుపులు మూసుకుంటారు, చాయ్ పోస్తే గోడకేసి చూస్తూ తాగుతారు, ఏం చెయ్యాలో తోచడం లేదని నాతోనే వాపోయాడు. పెళ్ళి మాట చెప్పగానే లేచి నిలబడ్డాడు. ఇద్దరు పెద్దలూ కలిసి వచ్చి అడిగితే పెళ్ళికి సరే అన్నాడు.

సూపరింటెండెంటు గారు కిటికీకి కట్టిన అట్ట వెనక నుంచి మాట్లాడారు. "పెళ్ళి జరిపించేది ఆడపెళ్ళివారండీ. అనుమతి కూడా వాళ్ళే అడగాలి. అందాకా వస్తే నేను పక్కన నిలబడతాను, కాదనను. పెళ్ళయ్యాక మాత్రం రైలు రైలే."

"నేను ముందుగాల అడిగితే తప్పు నాదని ఒప్పుకున్నట్టు గాదా?" అన్నాడు మామ.

అంగదుడు లంకకు ఒక్కసారే వెళ్ళాడు. నేను సుబేదార్ అనుమతితో ఆ గల్లీని ఎన్నిసార్లు దాటానో లెక్క లేదు. చివరికి ఇద్దరూ వెళ్ళారు. మామ స్టేషన్ వైపు చూస్తూ, సూపరింటెండెంటు గారు అబిడ్స్ వైపు చూస్తూ ఒకే మాట అడిగారు. ఎటు చూస్తూ అడగాలో తాను చెప్పలేదు కదా అని సుబేదార్ ఒప్పుకున్నాడు. కర్రలు వద్దు, రాళ్ళు వద్దు, నినాదాలు వద్దు అన్నాడు. ఎదురుకోలు సంగతి ఆయనకు చెప్పాలని మాలో ఎవరికీ తోచలేదు. పెళ్ళి అన్నాక అందులో అదీ ఉంటుందని లోకానికంతా తెలుసనుకున్నాం.

నవమి నాడు కర్ఫ్యూ సడలింది. సూపరింటెండెంటు గారి గుమ్మం ముందు రిక్షా, అందులో రెండు ట్రంకు పెట్టెలు. ఆయన రాముణ్ణి, మామ సీతమ్మను పట్టుకుని గల్లీ నడుమకు వచ్చారు. వెనక ఇరుపక్షాల జనం. జవాన్లు గోడల వెంట నిలబడ్డారు.

మామే మొదలుపెట్టాడు. "మా బిడ్డ శివుని విల్లును ఆడుకుంట పక్కకు జరిపింది. మీవోడు దాన్ని ఇరగ్గొట్టిండు. మంది ఇండ్లల్ల సామాన్లు ఇరగ్గొట్టుడు మీకు అలవాటా?"

అది ప్రతి ఏడూ అనే మాటే. ప్రతి ఏడూ నవ్వేవాళ్ళు.

"విరగ్గొట్టడం గురించి మీరు మాట్లాడకండి. మా కిటికీకి ఇంకా అట్టే ఉంది" అన్నారు సూపరింటెండెంటు గారు.

"అయోధ్య నుంచి వచ్చినోళ్ళు మిథిలల కొలువులన్నీ పట్టుకున్నరు. మా పోరగాండ్లు డిగ్రీలు పట్టుకొని తిరుగుతున్రు."

"మిథిలవాళ్ళు కిరాయి పెంచడం మాత్రం ఒక్క ఏడూ మరిచిపోలేదండీ."

"మా మాట ఇని నవ్వుతరు. మా బాస బాస గాదా?"

వెనకవాళ్ళు కూడా అందుకున్నారు. అంతలో ఈల మోగింది. జవాన్లు లాఠీలు అడ్డం పట్టి నడుమకు దూకారు. చెదిరిపొండి, లేదంటే అందరినీ లారీ ఎక్కిస్తానని సుబేదార్ అరిచాడు.

మామ, సూపరింటెండెంటు గారు ఒక్కసారిగా ఆయన మీదికి తిరిగారు. "గిదేంది సాబ్, పెండ్లి నడుమల వచ్చి గడబిడ చేస్తరు?" అని మామ. "తిట్టుకోకపోతే ఎదురుకోలు ఎలా అవుతుందండీ?" అని సూపరింటెండెంటు గారు. ఆ మాటను నేను నాకొచ్చిన హిందీలోకి మార్చాను.

సుబేదార్ చెయ్యెత్తి జవాన్లను ఆపాడు. మా కొండల్లో కూడా పెళ్ళికొడుకు తరఫువాళ్ళను ఆడవాళ్ళు పాటల్లో తిడతారు అన్నాడు. తరువాత అడిగాడు, ఇందాక అన్నవాటిలో పెళ్ళి తిట్లు ఏవి, అసలు తిట్లు ఏవి అని.

మాకే తెలియదు.

అప్పుడు ఆయన తీర్పు చెప్పాడు. దేవుణ్ణి చేతిలో పట్టుకుని అన్నది ఏదైనా పెళ్ళి కిందే లెక్క. వట్టి చేతులతో నోరు తెరిస్తే లారీ.

మా గల్లీలో అంత భక్తి నేను ముందెన్నడూ చూడలేదు. రాముణ్ణి ఒక్కసారి ఇవ్వండి, ఒక్కసారి ఇవ్వండి అని ఆ పక్క, సీతమ్మ కోసం ఈ పక్క జనం వరసకట్టారు. విగ్రహం చేతికందినవాడు మనసులో ఉన్నది కక్కేవాడు. మిగతావాళ్ళు లారీకేసి చూస్తూ నోరు మూసుకుని వినాల్సి వచ్చింది. ఉద్యమం మొదలయ్యాక అవతలివాడి మాట చివరిదాకా వినడం అదే మొదలు. నిజానికి విగ్రహం చేతికొచ్చాక కొందరికి తిట్టాలనిపించలేదు. వాళ్ళు దండం పెట్టి పక్కవాడికి ఇచ్చేశారు.

చివరికి సూపరింటెండెంటు గారి భార్య రాముణ్ణి అందుకుంది. గల్లీలో ఆమె గొంతు విన్నవాళ్ళు తక్కువ.

"రాయి ఎవరు వేశారో నేను అడగను అన్నయ్యగారూ. అద్దం పగిలి నా చేతికి గుచ్చుకుంది. ఎదురింట్లో ఉండి, ఎవరికైనా దెబ్బ తగిలిందా అని ఒక్కరూ అడగలేదు. అందుకే వెళ్తున్నాను."

సీతమ్మ అప్పుడు మామ చేతిలోనే ఉంది. ఏమైనా అనొచ్చు.

"కర్ఫ్యూ ఉండె చెల్లె" అని మొదలుపెట్టి ఆగిపోయాడు. "కర్ఫ్యూ లేకున్నా నేను రాకపోదును. కోపంల ఉంటి. అడగాలె. దెబ్బ ఎంత తగిలింది?"

ఆమె చెయ్యి చాచి చూపించింది. మామ దగ్గరికి వెళ్ళి చూశాడు. లగ్నం మించిపోతోందని నేనే తొందరపెట్టాను.

పెళ్ళి బాగా జరిగింది. తలంబ్రాలు కొన్ని సుబేదార్ టోపీ మీద కూడా పడ్డాయి. జవాన్లు పానకం మళ్ళీ మళ్ళీ అడిగి తాగారు. ఇక మిగిలింది అప్పగింత. పెళ్ళయ్యాక సీతమ్మ పున్నమి దాకా అత్తవారింట ఉండాలి. మామ సీతమ్మను తెచ్చి, రాముణ్ణి ఎత్తుకున్న సూపరింటెండెంటు గారి భార్య చేతిలో పెట్టాడు. పెట్టాడు గాని, వేళ్ళు వదల్లేదు. రిక్షాకేసి చూశాడు.

"దూరం పంపుతున్న. రైల్ల జర మంచిగ జూసుకోన్రి" అన్నాడు. అప్పుడు వేళ్ళు వదిలాడు.

ఆవిడ రెండు చేతుల్లో ఇద్దరితో నిలబడింది. భర్తవైపు తిరిగింది.

"ఏవండీ, కొత్త కోడల్ని తెచ్చుకున్న రోజున ఇంటికి తాళం వేస్తారటండీ ఎవరైనా?"

"టిక్కెట్లు?" అన్నారాయన.

"మీకు వెళ్ళాలని ఉంటే వెళ్ళండి. మేము ముగ్గురం ఉంటాం."

అంతలోనే సడలింపు ముగిసి ఈల మోగింది. జనం ఇళ్ళలోకి పరుగెత్తారు. రిక్షావాడు పెట్టెలు రోడ్డు మీద దించి వెళ్ళిపోయాడు. సూపరింటెండెంటు గారు ఒక కొస పట్టి ఎత్తబోయారు, పెట్టె కదల్లేదు. మామ తన గుమ్మం దిగి వచ్చి రెండో కొస పట్టుకున్నాడు.

కర్ఫ్యూ అని సుబేదార్ గద్దించాడు.

"పిల్ల వెంట సామాను మోసేది ఆడపెండ్లోళ్ళే సాబ్" అన్నాడు మామ. "జర పైకెత్తు బావా, నా కాలి మీద పెడుతున్నవు."

సుబేదార్ ఇసుక బస్తాల వైపు తిరిగి, రెండో పెట్టె కూడా లోపలికి వెళ్ళేదాకా అటే చూస్తూ నిలబడ్డాడు.